పెద్దాయన తర్వాత ఎవరు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊళ్లో అడిగినా ఒక పేరు చెబుతారు. అర్ధరాత్రి ఎవరికైనా రక్తం కావాలంటే ముందు ఫోను వెళ్లేది ఆయనకే. డయాలసిస్‌కి తోడెళ్లే మనిషి లేకపోతే ఆయనే ఆటో ఎక్కుతారు. పింఛను కాగితం ఎక్కడ ఆగిందో, ఎవరి సంతకం మిగిలిందో ఆయనకు తెలుసు. జీతం లేదు, పదవి లేదు. ముప్ఫై నలభై ఏళ్లుగా ఇదే పని. అలాంటి పెద్దలందరికీ మేము మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాం. మా ఆందోళన కూడా వారి గురించే. వారికి వయసు మీద పడుతోంది, వెనక నడిచేవాళ్లు కనబడటం లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీటిని ఈ ఊళ్లకు తేవడానికి పథకమూ వచ్చింది. అవన్నీ అవసరమే. కానీ డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మంచం మీద. రోగితో వెళ్లిన భార్యకో కొడుక్కో ఆ రోజు కూలి పోతుంది. వారాల తరబడి, ఏళ్ల తరబడి అలా కూలి వదులుకోగల ఇళ్లు ఎన్ని? అక్కడే ఊరి సేవకుడు కావలసి వస్తాడు. ఆ లోటు ఏ ఆసుపత్రీ తీర్చలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. దారికడ్డంగా పడిన చెట్లను నరికి పక్కకు లాగినవారిలో, ఇంటింటికీ నీళ్లు మోసినవారిలో ఊరి యువజన సంఘాల కుర్రాళ్లు ఎందరో. వాళ్లను కూడగట్టింది ఇలాంటి పెద్దలే. ఆనాటి కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు ఊళ్లో లేరు. హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో పనికి కుదిరారు. పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లను తప్పు పట్టలేం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస ఊరి కష్టాన్నే కాదు, ఊరి సేవనూ ముసలితనానికి అప్పగించి పోయింది.

రక్తదానమే చూడండి. దాత వయసు 18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండాలి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. జీవితమంతా రక్తమిచ్చి, ఇప్పించిన మనిషి 65 దాటాక తాను ఇవ్వలేడు. ఆయన దగ్గర మిగిలేది ఒక నోటుపుస్తకం. ఎవరిది ఏ గ్రూపు, ఎవరు ఏ ఊళ్లో ఉంటారు, ఎవరిని అడగవచ్చు, ఎవరింట్లో ఒప్పుకోరు. సగం పుస్తకంలో ఉంటుంది, సగం ఆయన బుర్రలో. ఆ రెండో సగం ఎవరికి చేరుతోంది?

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వారికి బడులు పెట్టారు. పాఠం తానొక్కరే చెబుతూ కూర్చోలేదు. అధ్యాపకులను పెట్టి, జీతాలు తానే ఇచ్చి, పనిని మరికొందరి చేతుల్లో పెట్టారు. నాయకత్వం అంటే మాకు కనిపించేది ఆ పని. ఈ మాట మన పెద్దలకు కొంచెం కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. 'నేను లేకపోతే జరగదు' అనే నమ్మకం చాలా సంఘాల్లో పాతుకుపోయింది. తాళంచెవి, చందాల లెక్క, దాతల జాబితా అన్నీ ఒక్కరి దగ్గరే. దీక్షతో చేసినవారికే ఈ బలహీనత ఎక్కువ. అది వారి దోషం అనలేం, ఇన్నాళ్లూ ఎవరూ పంచుకోలేదు మరి.

ఇంకో మాట. సన్మాన వేదికల మీద మగవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. తుపాను రోజుల్లో వండి పెట్టినవారు, బాలింతలను ఆసుపత్రికి చేర్చినవారు, పొదుపు సంఘాల లెక్కలు రాస్తూనే రోగుల ఇళ్లకు వెళ్లి మందులు వేసుకున్నారో లేదో చూసి వచ్చిన ఆడవాళ్లు మాత్రం ప్రేక్షకుల్లో కూర్చుంటున్నారు. వాళ్లనూ నాయకులుగానే లెక్కించాలి, కమిటీల్లో బాధ్యతలు ఇవ్వాలి.

శాలువాలు, మెమెంటోలు వద్దనం. వాటికంటే ముందు పంచాయతీ ఒక గది ఇవ్వాలి, కరెంటు బిల్లు తాను కట్టాలి. దాతల జాబితా, అత్యవసర ఫోన్ నంబర్లు ఆ గదిలో ఉండాలి, నెలకోసారి సరిచూడాలి. తుపాను కాలానికి ముందే ఏ వీధికి ఎవరు బాధ్యులో రాసిపెట్టుకోవాలి. సంక్రాంతికి వలస నుంచి వచ్చే యువతతో ఒక పూట కూర్చుని, ఊళ్లో ఉన్నవారిలో ఇద్దరిని, దూరాన ఉన్నవారిలో ఇద్దరిని పెద్దాయనకు జత చేయాలి. ఊళ్లో ఉన్నవారు ఆయన వెంట ఆసుపత్రికి వెళ్తారు. దూరాన ఉన్నవారు ఫోన్లు చూసుకుంటారు, ఆటో ఖర్చుకు డబ్బు పంపుతారు. ఏ ఊరి యువజన సంఘమైనా ఈ సంక్రాంతికే మొదలుపెట్టగల పని ఇది.