మా తమ్ముడి చెవిలో పడింది తెలుగు కాదు

ఇప్పుడే జరిగింది, ఒళ్లు మండిపోతోంది. మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. బీఏ చదువుతున్నాడు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో చరిత్ర నోట్స్ వర్డ్ ఫైల్ పెడితే ఆశగా తెరిచాడు. తెర మీది రాతని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యమధ్యలో "డాలర్" అంటూ చదవడం మొదలుపెట్టింది. "అక్కా, ఫైల్ పాడైందేమో చూడవా" అన్నాడు. చూస్తే తెర మీద ముత్యాల్లాంటి తెలుగు! పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టారు. మన కంటికి అది "శాతవాహనులు". లోపల ఉన్నవి ఇంగ్లిష్ గుర్తులు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. స్క్రీన్ రీడర్ ఆ గుర్తుల్నే చదువుతుంది.

ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తించేలా అక్షరాల్ని దాచే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచీ ఉంది. అడిగితే "మా డీటీపీ అతనికి ఇదే అలవాటు" అంటారు. ఆయన అలవాటు కోసం వీడు చదువు మానుకోవాలా?

సరేనని పాత ఫాంట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాను, వత్తులు ఊడిపోయాయి. కూర్చుని సరిచేస్తుంటే ఇంకో బాధ. ఇది శీర్షిక అని స్క్రీన్ రీడర్‌కి తెలిపే వర్డ్ హెడింగ్ స్టైల్ నలభై పేజీల్లో ఒక్కటీ లేదు. శీర్షికల్ని లావు చేసి, సైజు పెంచి వదిలేశారు. వాడికి అదీ మామూలు లైనే. హెడింగ్ 1 పెట్టి ఉంటే ఎన్‌వీడీఏలో ఒక్కో కీతో ఫైలంతా తిరగనిచ్చే బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కుతూ పాఠం నుంచి పాఠానికి వెళ్లేవాడు. కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే అయిపోయే పని! మ్యాపు దగ్గర "గ్రాఫిక్" అని ఊరుకుంది. ప్రతిష్ఠానం ఎక్కడుందో, ధాన్యకటకం ఎక్కడుందో బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్‌లో రెండు ముక్కలు రాయడానికి ఎంతసేపు పడుతుంది?

గ్రూపులో మర్యాదగానే అడిగాను. ఒకాయన "మీరు చదివి వినిపించొచ్చు కదమ్మా" అన్నారు. అక్కడే నాకు పాతది గుర్తొచ్చింది. వాడు ఇంటర్లో ఉండగా వికలాంగుల స్కాలర్‌షిప్ ఫారమ్ వచ్చింది. చూపులేని పిల్లలు నింపాల్సిన ఫారమ్‌ని వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టారు. స్క్రీన్ రీడర్‌కి ఒక్క అక్షరం దొరకలేదు. ఆఫీసుకెళ్తే గుమాస్తా వాణ్ని పక్కన పెట్టుకుని నన్నడిగాడు, "బాబు పేరేంటమ్మా?" అని. అప్పటికి వాడికి పదిహేడేళ్లు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఎలక్ట్రానిక్ సమాచారమంతా వీళ్లకి అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, 42వ సెక్షన్‌లో రాసి ఉంది. నేను చదివి వినిపిస్తాను, రోజూ వినిపిస్తూనే ఉన్నాను. కానీ రాత్రి రెండింటికి వాడికి చదవాలనిపిస్తే నన్ను లేపకుండా చదువుకోగలగాలి. సోమవారం పరీక్ష. ఇంకా ఇరవై పేజీల వత్తులు మిగిలాయి, వెళ్తున్నాను.