ఇయర్‌మార్కు అంటే అదనపు సొమ్ము కాదు

అమెరికాలో సౌర, పవన విద్యుత్ పరిశోధన నిలబడిందంటే అది కాంగ్రెస్ సభ్యులు తమ నియోజకవర్గాలకు తెచ్చుకునే ఇయర్‌మార్కుల, అంటే పేరుపెట్టి ఇప్పించే కేటాయింపుల, చలవేనన్న సందేశం ఈ వారంలో నాకు ఐదోసారి వచ్చింది. పంపినవారిలో ఇద్దరు అక్కడి విశ్వవిద్యాలయాల్లోనే పనిచేస్తున్నారు కనుక ఊరుకోవడం కష్టమైంది.

ఇయర్‌మార్కు మన ఎంపీ ల్యాడ్స్ వంటి అదనపు నిధి అన్నది అందులోని ప్రధాన వాదన. మన ఎంపీకి ఏటా కేటాయించే 5 కోట్ల రూపాయలకు బడ్జెట్టులో ప్రత్యేకంగా పద్దు ఉంటుంది. ఇయర్‌మార్కుకు సాధారణంగా అటువంటి పద్దు ఉండదు. ఇంధన శాఖ పరిశోధనకు కేటాయించిన మొత్తంలోంచే ఫలానా కళాశాలకు ఇంత, ఫలానా కౌంటీకి ఇంత అని పేర్లు రాస్తారు. అంటే ఉన్న అన్నాన్నే వేరే విస్తట్లో వడ్డించడమన్నమాట. 2006 ఆర్థిక సంవత్సరంలో బయోమాస్ పరిశోధన సొమ్ములో సగానికి పైగా ఇలాగే పోయింది. కొలరాడోలోని గోల్డెన్‌లో ఉన్న జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలకు 2.8 కోట్ల డాలర్లు తక్కువపడి, ఫిబ్రవరిలో 32 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. అమెరికా చమురుకు బానిసైందని అధ్యక్షుడు బుష్ కాంగ్రెస్ ముందు వాపోయింది సరిగ్గా అంతకు కొద్దిరోజుల ముందు, జనవరి 31న. ఆయనే స్వయంగా ప్రయోగశాల చూడటానికి వస్తున్నారనేసరికి, పెళ్లివారు వచ్చేలోగా గోడలకు సున్నం కొట్టించినట్టు, 50 లక్షల డాలర్లు సర్ది ఆ 32 మందినీ వెనక్కి పిలిచారు. అదనపు నిధి మహిమ ఎటువంటిదో వారిని అడిగితే బాగా చెబుతారు.

ఇయర్‌మార్కులు లేకపోతే పరిశోధన ఆగిపోతుందట. 2011 నుంచి పదేళ్లపాటు అవి నిషేధంలో ఉన్నాయి. ఆ పదేళ్లలో, ఇంధన పరిశోధనకు పోటీ పద్ధతిలోనే డబ్బిచ్చే ఇంధన శాఖ సంస్థ ఆర్పా-ఈ కేటాయింపు 18 కోట్ల డాలర్ల నుంచి 42.7 కోట్లకు పెరిగింది. ఆగిపోవడమంటే ఇదే అయితే, మన పరిశోధన కూడా ఇలాగే ఆగిపోవాలని కోరుకుంటాను.

స్థానిక అవసరాలు సభ్యుడికే తెలుసన్న వాదనకు పెద్ద జవాబు అక్కర్లేదు. వంతెన ఎక్కడ కావాలో ఆయనకు తెలుసు. మెరుగైన సౌరఘటం ఎవరు చేయగలరో తెలియాలని లేదు.

ఇప్పుడంతా పారదర్శకమన్న చివరి మాటను మాత్రం కాదనలేను. 2021లో పేరు మార్చుకుని తిరిగొచ్చిన ఈ పద్ధతిలో ప్రతి అభ్యర్థననూ సభ్యుడు బహిరంగంగా ప్రకటించాలి, తనకూ తన కుటుంబానికీ అందులో లాభం లేదని రాసివ్వాలి, లాభాపేక్ష గల కంపెనీలకు ఇవ్వకూడదు. ఇవన్నీ కలిపినా విచక్షణా వ్యయంలో, అంటే కాంగ్రెస్ ఏటా మంజూరు చేసే ఖర్చులో, ఒక్క శాతం దాటకూడదు. అంతకన్నా ఇబ్బందిగా ఒప్పుకోవలసింది మరొకటుంది: పోటీ న్యాయమైనదే అయినా, ఇప్పటికే ప్రయోగశాల ఉన్నవారే అందులో తరచుగా నెగ్గుతారు. మొదటి పరికరానికే డబ్బులేని చిన్న రాష్ట్ర కళాశాలకు ఆ తలుపు తెరిచేది కొన్నిసార్లు ఇయర్‌మార్కు ఒక్కటే.