ఆట ఆడేవాళ్లను అరికట్టండి

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆటకి పెద్ద ప్రమాదం వచ్చి పడింది. కొందరు దాన్ని ఆడుతున్నారు.

విషయం తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఉన్న సీసీపీ అనే కంపెనీ 2003 మే నెలలో ఈ ఆటని విడుదల చేసింది. మామూలు ఆటల్లో అడవి పందుల్నో దెయ్యాల్నో వందల లెక్కన చంపుతూ పోతే క్యారెక్టర్‌కి బలం వస్తుంది. ఇక్కడ అలాంటి కూలిపని లేదు. ఏ స్కిల్ తర్వాత ఏ స్కిల్ నేర్చుకోవాలో క్యూలో పెట్టి కంప్యూటర్ కట్టేయడమే. మీరు ఆఫీసులో ఉన్నా, పెళ్లి భోజనానికి వెళ్లినా, గురక పెడుతున్నా మీ పైలట్ చదువుకుంటూనే ఉంటాడు. రోజూ మన టైమ్‌లో సాయంత్రం నాలుగున్నరకి సర్వర్‌ని కాసేపు ఆపుతారు. అప్పుడూ చదువు ఆగదు. వెయ్యి ఓడల్ని పేల్చిన వీరుడికీ, అసలు కుర్చీలో కూర్చోనివాడికీ క్యూ ఇచ్చే పాయింట్లలో తేడా లేదు.

ఇంత చక్కటి ఏర్పాటు చేసిపెడితే, జనం లోపలికొచ్చి ఓడలు నడుపుతామంటున్నారు!

ప్రతి స్కిల్‌కీ అయిదు లెవెళ్లు. అన్నిటికన్నా తేలికైన స్కిల్‌ని నాలుగో లెవెల్‌కి చేర్చడానికి 45,255 పాయింట్లు చాలు. అయిదో లెవెల్ దాటేసరికి లెక్క 2,56,000 అవుతుంది. అంటే అయిదు వంతుల్లో నాలుగు వంతుల ఫలితం, అయిదో వంతు కాలం కూడా గడవకముందే చేతికొస్తుంది. మిగిలిన ఆ ఒక్క వంతు కోసం మిగిలిన కాలమంతా పోయాలి. ఓపిక లేనివాళ్లు నాలుగు దగ్గర ఆగి, ఓడేసుకుని షికారు పోతారు. దూరదృష్టి ఉన్నవాడు అయిదుకే గురిపెడతాడు. బ్యాటిల్‌షిప్ స్కిల్ బరువు ఆ తేలికపాటి స్కిల్‌కి ఎనిమిది రెట్లు, ఆటలోకెల్లా పెద్ద ఓడ టైటాన్‌ది పదహారు రెట్లు. కొద్దికాలమే పనిచేసే బూస్టర్లని పక్కన పెడితే, మెదడుకి ఎంత పదును పెట్టినా గంటకి 2,700 పాయింట్లు మించి రావు కాబట్టి, టైటాన్‌కి ఆ చివరి మెట్టు ఒక్కటే దాదాపు 52 రోజులు. దానికి ముందు నేర్చుకోవాల్సిన వాటి సంగతి ఇక్కడ ఎత్తను, పిల్లలు కూడా చదువుతారు.

పదును పెట్టడం అన్నాను కదా. పైలట్‌కి అయిదు గుణాలుంటాయి: తెలివి, జ్ఞాపకశక్తి, గ్రహణశక్తి, మనోబలం, ఆకర్షణ. ఏడాదికోసారి ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు. ప్లాన్ వేసేవాడు మొట్టమొదట కోత పెట్టేది ఆకర్షణకే. నలుగురితో బాగుంటే ఫిరంగులు త్వరగా పేలవు. అలా ఆకర్షణ అడుగంటిన పైలట్లు వేలమంది ఒకే విశ్వంలో తిరుగుతున్నారంటే, అక్కడ అన్ని యుద్ధాలు ఎందుకు జరుగుతాయో వేరే పరిశోధన అక్కర్లేదు.

పాతవాళ్ల నిష్ఠ ఇంకో ఎత్తు. 2009 దాకా అసలు క్యూ అనేదే లేదు. ఒక స్కిల్ పూర్తయ్యాక మీరే వచ్చి ఇంకోటి పెట్టాలి. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచి, ఒక బటన్ నొక్కి, మళ్లీ పడుకునేవాళ్లు. త్వరగా నేర్చుకోవడం ఎలాగో నేర్పే స్కిల్స్ కూడా ఉండేవి. కొత్తగా చేరినవాడు ముందు వాటితో వారాలు గడిపి, ఆ తర్వాతే అసలు చదువు మొదలుపెట్టాలని పెద్దలు చెప్పేవాళ్లు. 2010 డిసెంబర్‌లో వాటిని తీసేశారు. క్రమశిక్షణ అప్పటినుంచే సడలింది.

ఇక అసలు సంగతికి వస్తాను. చదువు వేగం పెంచడానికి పైలట్ తలలో ఇంప్లాంట్లు పెట్టుకుంటాడు. మంచివి చాలా ఖరీదు. ఓడ పేలాక, పైలట్ కూర్చున్న చిన్న డబ్బాని కూడా శత్రువు పేల్చేస్తే అవి బూడిదైపోతాయి. మరి ఓడ ఎప్పుడు పేలుతుంది? స్టేషన్ దాటి బయటికి వెళ్లినప్పుడు. బయటికి ఎవడు వెళతాడు? ఆట ఆడేవాడు. కాబట్టి దీర్ఘకాలిక ప్రణాళికకి ఏకైక శత్రువు ఆటే. ఇంప్లాంట్లు లేని ఇంకో శరీరంలోకి మారి యుద్ధానికి వెళ్లొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. వెళ్లిన గంటలు నెమ్మదిగా చదివిన గంటలు కావా? ఎవరిస్తారు వాటిని?

ఈ సత్యాన్ని సీసీపీ ఒకప్పుడు గుర్తించింది. 2016 దాకా టైటాన్‌ని ఏ స్టేషన్‌లోనూ నిలపడానికి వీల్లేదు. దిగితే వేరేవాడు ఎక్కేసి పట్టుకుపోతాడు. అందుకని ఏళ్ల తరబడి చదివిన పైలట్, తీరా ఎక్కాక, దాంట్లోనే ఉండిపోయేవాడు. అన్ని విద్యలూ వచ్చి, ఎక్కడికీ కదల్లేని స్థితి! అలాంటివాడిని ఆ ఏడాది ఏప్రిల్‌లో టైటాన్‌ని కూడా నిలుపుకోగల కొత్త కోటలు కట్టనిచ్చి కిందికి దించేశారు.

దానికి రెండేళ్ల ముందే హెచ్చరిక అందింది. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలానికి కట్టాల్సిన అద్దె ఎవరో కట్టలేదు. హక్కు పోయింది, శత్రువులు దిగారు, ఇరవై గంటలకు పైగా యుద్ధం జరిగి 75 టైటాన్లు కాలిపోయాయి. నెలల వారీగా, నిమిషాలతో సహా స్కిల్ ప్లాన్ వేసుకున్న మనుషులున్న కూటమి అది. అద్దె బిల్లు ఎవరి ప్లాన్‌లోనూ లేదు, ఎందుకంటే దానికి స్కిల్ పాయింట్లు రావు.

2016 ఫిబ్రవరిలో ఇంకో ఘోరం. ఒకడి బుర్రలోంచి 5,00,000 పాయింట్లు పీకి అమ్ముకోవచ్చన్నారు. కొత్తవాడు కొంటే మొత్తం ఎక్కుతాయి. 8 కోట్ల పాయింట్లు దాటిన పండితుడు కొంటే 1,50,000 మాత్రమే, మిగతావి సముద్రంలో కురిసిన వాన. ఈ ఒక్క తరుగు వల్లే ధర్మం ఇంకా నిలబడి ఉందనుకుంటున్నాను.

కంపెనీకి నా విన్నపం చిన్నది. స్టేషన్ నుంచి బయటికి వెళ్లే బటన్ తీసేయమని అడగను, అంత కఠినుణ్ణి కాను. అయిదో లెవెల్ స్కిల్‌గా పెట్టండి, బరువు పదహారు రెట్లు ఉండేలా చూడండి. దాన్ని క్యూలో ఎక్కడ పెట్టాలో మేం కూర్చుని ఆలోచించుకుంటాం. ఆకర్షణ మీద ఆధారపడేలా పెడితే మాత్రం ప్లాన్లన్నీ మొదటినుంచి వేసుకోవాలి, కనీసం ఆరు నెలల ముందు చెప్పండి.