టాపు మీద మోసే గాలి

అలిపిరి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన అద్దె కార్లలో చాలావాటికి టాపు మీద ఇనుప క్యారియర్ ఉంటుంది. దాని మీద సామాను ఉండే బండ్లు కొన్నే. మిగతావి ఖాళీ చట్రాన్ని నెత్తిన పెట్టుకుని చెన్నై నుంచో బెంగళూరు నుంచో వస్తాయి, అలాగే తిరిగి వెళతాయి. మొన్న ఆ వరుసలోనే ఒక పాత చిన్న కారు కనిపించింది. ముందు జాలీని సగం దాకా నల్లటి సన్‌ప్యాక్ (ప్లాస్టిక్) షీటుతో మూశారు. వెనుక చక్రాలకు పళ్లెంలాంటి నున్నటి మూతలు. బంపరు కింద నేలకు జానెడు ఎత్తున ఒక రబ్బరు పట్టీ, దాన్ని పట్టి ఉంచిన కేబుల్ టైలు. గాలి తాకిడి తగ్గించి మైలేజీ పెంచుకోవాలని యజమాని ఇంటి దగ్గర చేసుకున్న ఏర్పాటు అది. చూసినవాళ్లు నవ్వుకున్నారు. దాని వెనుకే ఖాళీ క్యారియర్‌తో నిలబడిన బండిని చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు. నవ్వవలసింది ఆ రెండో బండిని చూసి అని మా అభిప్రాయం.

లీటరు పెట్రోలు నూరు రూపాయల గడప దాటి ఏళ్లయింది. పలమనేరు వైపు లారీల వాళ్లు ట్యాంకు అడుగంటే దాకా ఓపిక పట్టి, సరిహద్దు దాటాక కర్ణాటకలోని నంగిలిలో డీజిలు పట్టించుకోవడం చిత్తూరు జిల్లాలో వింతేమీ కాదు. రెండు రాష్ట్రాల పన్నుల తేడా అలాంటిది. ధర తగ్గించడం చేతిలో లేనివాడు బండి తాగుడు తగ్గించుకోవాలని చూస్తాడు. షీటు కోసి బిగించుకునే ఈ ప్రయత్నాల్లో అసలైన శాస్త్రం ఉంది. ప్రమాదం కూడా ఉంది.

గాలికి బరువు లేదనుకుంటాం. ఘనమీటరు గాలి కిలోకు పైనే తూగుతుంది. రెండు చదరపు మీటర్ల ముఖం ఉన్న కారు తిరుపతి నుంచి డెబ్బై కిలోమీటర్ల దూరంలోని చిత్తూరు చేరేలోగా నూట యాభై టన్నులకు పైగా గాలిని పక్కకు నెట్టుకుంటూ పోవాలి. వేగం రెట్టింపైతే ఆ గాలి నిరోధం నాలుగింతలవుతుంది. సాధారణ చిన్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు టైర్ల రాపిడిదే పెద్ద వాటా. 80 దగ్గరికి వచ్చేసరికి బండిని నడిపే బలంలో సగానికి పైగా గాలికే పోతుంది. 100 దాటితే దాదాపు మూడింట రెండు వంతులు. 100 నుంచి 80కి తగ్గితే గాలి నిరోధం 36 శాతం పడిపోతుంది. దానికి బదులుగా చిత్తూరు ప్రయాణంలో పెరిగేది పది నిమిషాలు. చంద్రగిరి దగ్గర టీకి ఆగితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

ఎదురుగా తగిలే గాలే శత్రువని, బండి ముందు భాగం కోసుగా ఉంటే చాలని చాలామంది నమ్మకం. అసలు కథ వెనుక ఉంది. ఆర్టీసీ బస్సు వేగంగా వెళ్లిపోయాక రోడ్డు మీది ఎండుటాకులు, చిత్తు కాగితాలు దాని వెంట పరుగెత్తి సుడి తిరగడం చూసే ఉంటారు. బస్సు వెనుక ఒత్తిడి పడిపోయిన చోటులోకి అవి లాక్కుపోతున్నాయి. అదే ఒత్తిడి లోటు బస్సునూ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడును గెలవడానికే డీజిలు పోస్తున్నాం. చేపకు తల గుండ్రంగా ఉండి, తోక వైపు ఒళ్లు మెల్లగా సన్నబడటంలో కిటుకు ఇదే. వెనుక భాగాన్ని నెమ్మదిగా వాలిస్తే గాలి ఒంటిని అంటిపెట్టుకుని జారుతుంది. వాలు మరీ ఎక్కువైతే మధ్యలోనే విడిపోయి మళ్లీ సుడి కడుతుంది. కారు వెనుక సొంతంగా తోక కట్టుకునేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

1970ల తొలినాళ్లలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే నాసా ఇంజినీరు కాలిఫోర్నియా ఎడారిలో సైకిలు మీద పనికి వెళ్లేవారు. పక్కనుంచి దూసుకుపోయే పెద్ద లారీలు తనను ముందు పక్కకు తోసి, ఆ వెంటనే తమ వైపు లాగడం ఆయన గమనించారు. సహోద్యోగులతో కలిసి ఒక పాత డెలివరీ వ్యానుకు చుట్టూ అల్యూమినియం రేకులు తొడిగి అచ్చం డబ్బాలా చేశారు. తరువాత దాని మూలలను, అంచులను గుండ్రం చేస్తూ ప్రతి దశలోనూ నిరోధాన్ని కొలిచారు. చివరికి నిరోధం సగానికి పైగా తగ్గింది. లోపలి చోటులో తగ్గింది 3 శాతమే. నేటి హైవే లారీల క్యాబిన్లకు కనిపించే వంపులకు ఆ రేకుల వ్యాను దారి చూపింది. పని అమెరికా అంతరిక్ష సంస్థదే కావచ్చు, పద్ధతి మాత్రం మన షెడ్డు పద్ధతే. తేడా ఒక్కటే, వాళ్లు బిగించిన ప్రతిసారీ కొలిచారు.

ఇక క్యారియర్ సంగతి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం టాపు మీద కట్టిన పెద్ద సామాను పెట్టె ఊళ్లో తిరిగేటప్పుడు మైలేజీని 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం తగ్గిస్తుంది. గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో ఆ నష్టం 10 నుంచి 25 శాతం దాకా పోతుంది. అదే సామాను బండి వెనుక బిగించిన ట్రేలో పెడితే హైవే మీద కూడా పోయేది 1 నుంచి 5 శాతమే. ఖాళీ చట్రం వల్ల అంత నష్టం ఉండదు, నిజమే. కానీ సామాను ఏడాదిలో కొన్ని రోజులే ఉంటుంది, చట్రం మూడు వందల అరవై అయిదు రోజులూ ఉంటుంది. దాన్ని విప్పడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. బంపరు ముందు బిగించే బుల్ గార్డుదీ ఇదే వరస. పాదచారుల ప్రాణాలకు ముప్పని కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. గాలికీ అవి అడ్డమే. మన రోడ్ల మీద వాటికి కొదవ మాత్రం లేదు. చిన్న కార్ల డిక్కీ మీద సోకు కోసం అతికించే రెక్కల సంగతి చెప్పనే అక్కరలేదు. పందెం కారును నేలకు అదిమిపెట్టడానికి పుట్టిన వస్తువు అది. మన కారుకు అది చేసే మేలు లేదు, పైగా నిరోధం పెరిగే అవకాశమే ఎక్కువ.

అలిపిరిలో చూసిన కారును మెచ్చుకున్నాం కదా అని అందులో ఉన్నదంతా సరైనదని కాదు. చక్రాల మూతలు మంచివే. జాలీ మూయడం మాత్రం ఈ ఊళ్లో ఆలోచించవలసిన పని. తిరుమల ఘాట్ రోడ్డులో పైకి వెళ్లే బండి 28 నిమిషాల లోపు, దిగే బండి 40 నిమిషాల లోపు చేరకూడదన్నది నియమం. ఆ వేగంలో గాలి నిరోధం తక్కువ కాబట్టి మూత వల్ల కలిసివచ్చేది దాదాపు శూన్యం. రేడియేటరుకు తగిలే గాలి కూడా తక్కువే. ఇంజినేమో నిండు బరువుతో ఎత్తు లాగుతుంటుంది. మే నెల ఎండలో జాలీ మూసుకుని కొండెక్కితే, ఏడాది పొడవునా మిగిల్చిన పెట్రోలు డబ్బు, ఇంజిను వేడెక్కి పాడయ్యే ఒక్క హెడ్ గాస్కెట్‌కు చాలదు. కింద బిగించిన షీటు సైలెన్సర్ గొట్టానికి తగిలితే కరుగుతుంది, అంటుకున్నా ఆశ్చర్యం లేదు. కేబుల్ టై తెగి ఆ షీటు ఎగిరితే వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ముఖాన పడుతుంది. పక్క అద్దాలు తీసేసి నిరోధం తగ్గించామని చెప్పుకునేవారికి మా దగ్గర సమాధానం లేదు, దండం తప్ప.

దిగే దారిలో ఇంకో దురలవాటు ఉంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి, కొందరైతే ఇంజిను కూడా ఆపి బండిని జారనిస్తారు. ఇంధనాన్ని ఇంజెక్టర్లతో అందించే నేటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం పోవడాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజిను తిరగడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేది ఏమీ లేదు, పోయేది ఇంజిను పట్టు. ఇంజిను ఆపితే బ్రేకుకు, స్టీరింగుకు అందే సాయం కూడా పోతుంది. బాకరాపేట, మొగిలి ఘాట్లలో బండి నడిపేవారికి ఇది మరీ ముఖ్యం.

ఏ మార్పు పనిచేసిందో ఎలా తెలుస్తుంది? ఒక్క ట్రిప్పు లెక్క నమ్మడానికి లేదు. షీటు బిగించిన రోజున డ్రైవరు కాలు కూడా మెత్తబడుతుంది. మైలేజీ పెరిగింది షీటు వల్లనా, కాలు వల్లనా అన్నది తేలదు. గాలి లేని తెల్లవారుజామున, రద్దీ లేని చదునైన దారిలో 80 వేగంతో వెళ్లి న్యూట్రల్ చేసి, 60కి పడటానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలవాలి. అదే ముక్కలో ఎదురు దిశలోనూ కొలవాలి. షీటుతో పదిసార్లు, షీటు లేకుండా పదిసార్లు. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఊళ్లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజినీరింగు కళాశాల ఉన్న ప్రాంతంలో ఈ పని చేసే విద్యార్థులకు కరవు ఉండకూడదు. చివరి ఏడాది ప్రాజెక్టుల్లో దీన్ని చేర్చవచ్చు. ముందుగా లారీల మీద చేస్తే ఇంకా మేలు. రాత్రి వేళ మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా ట్రేలతో పోయే లారీకి క్యాబిన్‌కు, సరుకుకు మధ్య ఖాళీ ఉంటుంది. పైన పట్టా వదులుగా కట్టి పటపటా కొట్టుకుంటూ ఉంటుంది. ఆ పట్టాను బిగించి కట్టడం కూడా ఏరోడైనమిక్సే, అంటే గాలి నిరోధాన్ని తగ్గించే విద్యే. లారీ నెలకు తిరిగే కిలోమీటర్లతో హెచ్చవేస్తే ఏ కారు షీటూ దాని దరిదాపుల్లోకి రాదు.

చట్టం మాత్రం ఈ తేడాలేవీ పట్టించుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో ఇదే తేల్చిచెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సస్పెన్షను పెంచి చక్రాలు బయటికి తెచ్చుకునేవారి విషయంలో ఈ కాఠిన్యం సబబే. కానీ చక్రానికి నున్నటి మూత పెట్టుకున్నవాడు కూడా ఇదే సెక్షను కిందికి వస్తాడా రాడా అని అడిగితే, ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. గ్యాస్ కిట్లకు ఈ చట్టమే వేరే దారి చూపింది. పరీక్షించి ఆమోదించిన కిట్ అయితే బిగించుకుని రిజిస్ట్రేషను పత్రంలో రాయించుకోవచ్చు. లారీ క్యాబిన్ మీది గాలి మళ్లింపు పలకలకు, వెనుక తోకలకు, అడుగు పలకలకు కూడా అలాంటి ఆమోద మార్గం తెరవాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరాలి. అది తేలడానికి కాలం పడుతుంది. జిల్లా రవాణా కార్యాలయాలు మాత్రం దానికోసం ఆగనక్కరలేదు. ఏ మార్పుకు జరిమానా ఉంది, దేనికి లేదు, ఏది ప్రాణాంతకం అన్నది ఒక పట్టికగా రాసి పెట్టవచ్చు. ఆ పట్టిక తెలుగులో, తమిళంలో ఉండాలి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం వచ్చిన డ్రైవరు వరుసలో నిలబడి చదువుకోగలిగే ఎత్తులో గోడకు ఉండాలి.