నెబ్యులైజర్‌కు తగ్గని ఆయాసానికి మందే లేదా? ఆ మెసేజ్‌లో సలహా నమ్మదగ్గది కాదు

చలికాలం మొదలైతే చాలు, పిల్లల ఆస్తమా మీద ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఒక్కో గ్రూపులో ఒక్కో రకంగా ఉన్నా సారాంశం ఇదీ: రెండు మూడుసార్లు నెబ్యులైజర్ పెట్టినా ఆయాసం తగ్గలేదంటే డాక్టర్ల దగ్గర ఇక మందు లేనట్టే. ఆ తర్వాత నరానికి ఎక్కించేది పత్తి చేలకు కొట్టే మెగ్నీషియం. ఐసీయూ, వెంటిలేటర్ అంతా బిల్లు కోసం. స్టెరాయిడ్ పడితే పిల్లాడు ఎదగడు. కాబట్టి ఇంటికి తెచ్చేసుకుని ఆవిరి పట్టండి, చిక్కటి డికాక్షన్ తాగించండి, పిల్లికూతలు ఆగి నిద్రపోయాడంటే గండం గడిచినట్టే.

చివరి మాటతోనే మొదలుపెడతాను. ప్రాణం తీసేది అదే.

పిల్లికూత అంటే సన్నబడిన ఊపిరి గొట్టాల్లోంచి గాలి దూరే చప్పుడు. ఈల వేయాలన్నా నోట్లోంచి గాలి రావాలి కదా, ఇదీ అంతే. అటాక్ బాగా ముదిరి గొట్టాలు దాదాపు మూసుకుపోతే గాలి కదలదు, కూతా వినపడదు. స్టెతస్కోప్ పెట్టినా ఛాతీ నిశ్శబ్దంగా ఉంటుంది. దీన్ని సైలెంట్ చెస్ట్ అంటారు. పిల్లల వార్డులో అందరూ ఎక్కువగా భయపడేది దీనికే. నిద్ర సంగతీ అంతే. గంటల తరబడి డొక్కలెగరేసి ఊపిరి లాగిన పిల్లాడికి కండరాలు అలిసిపోతాయి. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుని మగత కమ్ముతుంది.

అలాంటి పిల్లాడు మంచం పట్టీ రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుంటాడు. భుజాలు పైకి లేస్తుంటాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింది గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంటాయి. పేరు అడిగితే సగం చెప్పి ఆగిపోతాడు. కాసేపటికి తల వాల్చేస్తాడు. "పొద్దుణ్ణించీ కన్ను మూయలేదు మేడమ్, ఇప్పుడే కునుకు పట్టింది, తగ్గినట్టుంది" అంటుంది తల్లి. సిస్టర్ అప్పటికే ఆక్సిజన్ మాస్క్ కోసం పరిగెడుతుంటుంది. నిజంగా తగ్గిన పిల్లాడు పూర్తి వాక్యాలు మాట్లాడతాడు, నీళ్లు తాగుతాడు, డొక్కలు ఎగరేయడం ఆగుతుంది, ఆ తర్వాత నిద్రపోతాడు. ఈ తేడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

ఇక మందు లేదన్న మాట. అటాక్‌లో మూడు జరుగుతాయి: గొట్టాల చుట్టూ కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, జిగట కఫం అడ్డం పడుతుంది. నెబ్యులైజర్‌లో వేసే సాల్బుటమాల్ ప్రధానంగా మొదటిదాని మీదే పనిచేస్తుంది. వాపు తగ్గించే స్టెరాయిడ్ పని చూపించడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. అంటే మొదటి గంటలో తగ్గలేదంటే అర్థం వైద్యం ఓడిపోయిందని కాదు, ఈలోగా పిల్లాణ్ని కాపాడుకోవాలని. అందుకే ఆక్సిజన్ పెట్టి, సాల్బుటమాల్ ఇరవై నిమిషాలకోసారి ఇస్తూ, దానికి గొట్టాలను తెరిచే మరో మందు ఇప్రాట్రోపియం కలుపుతారు. లొంగకపోతే మెగ్నీషియం సల్ఫేట్. ఆపైన మానిటర్ పెట్టి నరం ద్వారా సాల్బుటమాల్ గానీ అమైనోఫిలిన్ గానీ. వేగంగా ఆక్సిజన్ పంపే హైఫ్లో, మాస్క్‌తో ఊపిరికి సాయం చేసే బైపాప్, గొట్టాలను సడలించే గుణం కూడా ఉన్న మత్తుమందు కెటమిన్ ఉన్నాయి. మరీ మొండి కేసుల్లో మత్తు వాయువులు, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఎక్మో (రక్తానికి ఒంటి బయటే ఆక్సిజన్ ఎక్కించే యంత్రం) వరకూ దారి ఉంది. పై మెట్లలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదానిపై డాక్టర్ల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, పిల్లల మీద జరిగిన పరిశోధనా తక్కువే. ఆ మాట దాచాల్సిన పనిలేదు. కానీ అది "మందే లేదు" అనడానికి ఆధారం కాదు.

ఇంకో సంగతి. మందులకు లొంగనప్పుడు అసలు ఇది ఆస్తమాయేనా అని కూడా చూస్తారు. వేరుశనగ గింజ ఊపిరితిత్తుల్లోకి పోయినా పిల్లికూతలు వస్తాయి. న్యుమోనియా కావచ్చు, ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయట చేరి ఉండవచ్చు, ఒంటికి పడనిదేదో తిని తీవ్రమైన అలర్జీ వచ్చి ఉండవచ్చు. ఇంటికి తెచ్చేసుకుంటే ఇవేవీ బయటపడవు.

మెగ్నీషియం ఎరువు అన్నది వినగానే రైతు ఇళ్లలో గుండె గుభేలుమంటుంది. పత్తి ఆకు ఎర్రబడితే మెగ్నీషియం సల్ఫేట్ కొడతారు, నిజమే. ఆసుపత్రిలో వాడేదీ అదే లవణం. అయితే ఇంజెక్షన్ కోసం శుద్ధి చేసి, సూక్ష్మజీవులు లేకుండా తయారుచేసినది. గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు కాన్పు గదుల్లో దశాబ్దాలుగా ఇస్తున్నది ఇదే. గొట్టాల కండరం బిగుసుకోవడానికి కాల్షియం కావాలి. మెగ్నీషియం దానికి అడ్డుపడి కండరాన్ని వదులు చేస్తుంది. పిల్లాడి బరువును బట్టి కిలోకు 40 నుంచి 50 మిల్లీగ్రాములు, 2 గ్రాములు దాటకుండా, సుమారు ఇరవై నిమిషాలపాటు ఎక్కిస్తారు. ఒళ్లు వేడెక్కినట్టు అనిపించవచ్చు, బీపీ తగ్గవచ్చు, అందుకే పక్కనే ఉండి చూస్తారు. పిల్లల మీద జరిగిన పరీక్షలను వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కొక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. దొరికినవి మూడే, పిల్లలు 115 మంది. చిన్న లెక్కే అయినా, మెగ్నీషియం ఇచ్చినవాళ్లలో ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం బాగా తగ్గింది.

వెంటిలేటర్ బిల్లు కోసమన్నారు. ప్రైవేటు ఐసీయూ బిల్లులు కుటుంబాలను అప్పులపాలు చేస్తున్న మాట నిజం, ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆస్తమా పిల్లాణ్ని వెంటిలేటర్ మీద పెట్టడం ఏ డాక్టరూ సరదాపడే పని కాదు. ఈ జబ్బులో లోపలికి వెళ్లిన గాలి బయటికి రాదు. మెషీన్ ఇంకా గాలి పంపితే ఊపిరితిత్తులు ఉబ్బి బీపీ పడిపోవచ్చు, ఊపిరితిత్తి చిల్లుపడవచ్చు. అందుకే నిమిషానికి తక్కువ శ్వాసలు పెట్టి, గాలి బయటికి రావడానికి ఎక్కువ సమయం ఇస్తారు. ముందు చెప్పిన మందులన్నీ ఈ అవసరం రాకుండా చూడటానికే. ఖర్చు భయం ఉంటే ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) వర్తిస్తుందేమో అడగండి. హైదరాబాద్ నీలోఫర్, విశాఖ కేజీహెచ్ లాంటి సర్కారు ఆసుపత్రులకు పంపమని అడగండి, కానీ ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో.

స్టెరాయిడ్ భయం పూర్తిగా ఆధారం లేనిది కాదు, కాబట్టి లెక్క చెప్పడమే మంచిది. అటాక్‌లో ఇచ్చేది మామూలుగా మూడు నుంచి ఐదు రోజుల కోర్సు, ఎదుగుదల దానితో ఆగదు. రోజూ పీల్చే స్టెరాయిడ్ సంగతి అమెరికాలో ఏళ్ల తరబడి చూశారు. చిన్నప్పుడు నాలుగు నుంచి ఆరేళ్లు బుడెసొనైడ్ అనే ఆ రకం మందు వాడినవాళ్లు పెద్దయ్యాక, వాడనివాళ్లకన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. 2012లో వచ్చిన ఫలితం అది. ఇక మందు వాడకపోతే పోయేదేమిటో కూడా చూడాలి. బ్రిటన్‌లో 195 ఆస్తమా మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, దాదాపు సగం మంది వైద్యసాయం అడగకముందో, అందకముందో చనిపోయారని 2014లో వచ్చిన నివేదికలో తేలింది. అలా ఇంట్లో ఆగిపోవడాన్నే ఈ మెసేజ్ మనకు సలహాగా ఇస్తోంది.

ఆవిరి వల్ల గొట్టాలు తెరుచుకోవు, మరిగే నీళ్లు ఒలికి పిల్లల ఒళ్లు కాలిన కేసులు మాత్రం వస్తూనే ఉంటాయి. కాఫీలోని కెఫీన్ థియోఫిలిన్ అనే ఆస్తమా మందుకు చుట్టమే, గొట్టాలను కొద్దిగా తెరుస్తుంది, కానీ తీవ్రమైన అటాక్‌లో ఆ కొద్దీ ఎందుకూ చాలదు. ఊపిరాడని పిల్లాడి నోట్లో ఏది పోసినా పొరబోయే ప్రమాదం ఉంది. మృగశిర కార్తెకు చేప ప్రసాదం మింగించే ఇళ్లకూ ఇదే మనవి: మీ నమ్మకం మీది, ఆయాసంలో ఉన్న పిల్లాడి గొంతులో మాత్రం ఏదీ వేయకండి, ఇన్‌హేలర్ మాన్పించకండి.

అటాక్ వస్తే పిల్లాణ్ని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టండి. ఆయాసం వచ్చినప్పుడు వాడే రిలీవర్ ఇన్‌హేలర్‌ను, దానికి తగిలించే స్పేసర్ గొట్టంతో ఒక్కో పఫ్ చొప్పున, మధ్యలో అర నిమిషం ఆగుతూ, పది పఫ్‌ల వరకు వేయండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. మాట ముక్కలవుతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా పఫ్‌లు లెక్కపెడుతూ కూర్చోకండి, ముందు ఫోన్ చేసి దారిలోనూ వేస్తూ ఉండండి. ఎన్ని పఫ్‌లు ఏ టైముకు వేశారో డాక్టరుకు చెప్పండి. డిశ్చార్జ్ రోజున, అటాక్ రాకుండా రోజూ వాడే ప్రివెంటర్ ఏది, రిలీవర్ ఏది, ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో తెలుగులో ఒక కాగితం మీద రాయించుకుని, స్పేసర్ వాడటం అక్కడే చేసి చూపించమనండి.