క్రిస్టియన్ కాలేజీలో సైకాలజీ అంటే బైబిల్ పాఠాలేనా?

ఇంటర్ ఫలితాలొచ్చే వేళకి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలెడుతుంది: "పిల్లల్ని క్రిస్టియన్ కాలేజీలో సైకాలజీకి చేర్చకండి. అక్కడ చెప్పేది సైన్సు కాదు, బైబిలు. ప్రార్థనకు వెళ్లకపోతే హాజరు వేయరు. అయినా అది లెక్కల్లేని తేలిక సబ్జెక్టు, ఎక్కడ చదివినా ఒకటే. మూడేళ్లు కాగానే క్లినిక్ పెట్టుకోవచ్చు." ఇన్ని మాటల్లో ఒక్కటీ నిలవదు. ఇంకా విచిత్రం, భయపడాల్సిన చోట ధైర్యం చెప్పి, అక్కర్లేని చోట భయపెడుతోంది.

బైబిలు మాట ముందు చూద్దాం. హైదరాబాద్ బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఉస్మానియాకు అనుబంధం. చెన్నైలో 1915 నాటి విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉంది. రెండూ స్వయంప్రతిపత్తి ఉన్నవే, అంటే సిలబస్ సొంతంగా రాసుకుంటాయి. కానీ దాన్ని తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో వైస్ చాన్సలర్ నామినేట్ చేసిన నిపుణుడూ, బయటి అధ్యాపకులూ కూర్చుంటారు. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే. అందుకే ఎక్కడైనా మొదలు అదే: 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ పెట్టిన సైకాలజీ ప్రయోగశాల, న్యూరాన్ అనే నాడీకణం, ఇంద్రియ జ్ఞానం, గంట మోగితే లాలాజలం కార్చిన పావ్‌లోవ్ కుక్కలు, ఎలుకలు మీట నొక్కి తిండి తెచ్చుకునే స్కిన్నర్ పెట్టె. మతమే ఒక భ్రమ అన్న ఫ్రాయిడ్‌ను కూడా పదిహేను మార్కుల ప్రశ్నగా చదివిస్తారు.

ఈ అపోహ అమెరికా నుంచి ఊడిపడినట్టుంది. ఇల్లినాయ్‌లోని వీటన్ కాలేజీలో చేరే విద్యార్థులు విశ్వాసానికి, నడవడికకు సంబంధించిన ఒప్పందానికి కట్టుబడాలి. అక్కడ విశ్వాసాన్నీ మనస్తత్వ శాస్త్రాన్నీ ఎలా కలపాలన్నది బహిరంగంగానే బోధిస్తారు. మరోవైపు జే ఆడమ్స్ అనే అమెరికన్ పాస్టర్ 1970లో మొదలుపెట్టిన బైబిల్ కౌన్సెలింగ్ ధోరణి ఉంది. అది సైకాలజీనే చాలావరకు తోసిపుచ్చుతుంది. ఈ రెండూ ఒకటి కావు, మన డిగ్రీ సిలబస్ ఈ రెండింటిలో ఏదీ కాదు.

ఇక ప్రార్థన. రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు నడుపుకునే హక్కిచ్చింది. 28(3) ఆ హక్కుకు గీత గీసింది: ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న ఏ సంస్థలోనైనా, విద్యార్థి సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు హాజరు కావాలని ఒత్తిడి చేయకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. ఇంటర్ పాసై పదిహేడేళ్లకే చేరే పిల్లలెందరో. వాళ్ల విషయంలో సంతకం తల్లిదండ్రులదే కాబట్టి, ప్రాస్పెక్టస్‌లో ఉదయపు అసెంబ్లీ, నైతిక విద్య పీరియడ్లు, వాటి హాజరు లెక్క గురించి రాసింది చదివాకే దరఖాస్తు మీద సంతకం పెట్టాలి. చాలా క్యాథలిక్ కాలేజీల్లో క్యాథలిక్ పిల్లలకు ధర్మోపదేశం, మిగతావారికి విలువల విద్య అని తరగతులు వేరుగానే ఉంటాయి.

లెక్కల్లేవన్న మాటకు మాత్రం గట్టిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్మి చేరినవాళ్లు రెండో ఏడాది స్టాటిస్టిక్స్ పేపర్ దగ్గర బోర్లా పడతారు. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, టి-పరీక్ష, కై-స్క్వేర్ తప్పవు. చేత్తో చేసే లెక్కకు పదో తరగతి గణితం చాలు. ఏ సందర్భంలో ఏ పరీక్ష వాడాలో తేల్చుకోవడమే కష్టం.

ప్రాక్టికల్ సంగతి చూడండి. గీతల నిడివి విషయంలో కన్ను ఎంత మోసపోతుందో కొలిచే ముల్లర్-లయర్ భ్రమ ప్రయోగం మొదటి ఏడాదే వస్తుంది. ఒక గీత చివర్లలో బాణపు మొనలుంటాయి, దాని నిడివి మారదు, 15 సెంటీమీటర్లు అనుకుందాం. రెండో గీత చివర్లు ఈకల్లా బయటికి తెరుచుకుని ఉంటాయి, దాన్ని జరిపి పొడుగు, పొట్టి చేయొచ్చు. రెండూ సమానంగా కనిపించేదాకా పాల్గొనే వ్యక్తి జరుపుతాడు. సాధారణంగా 40 సార్లు: జరిపే గీత కుడివైపు 20, ఎడమవైపు 20, ప్రతి వైపూ పొడుగు నుంచి తగ్గిస్తూ 10, పొట్టి నుంచి పెంచుతూ 10. ఈకల గీత ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి పొట్టిగా ఉండగానే ఆపేస్తారు; అలా ఆపిన నిడివి సగటు 12.6 వస్తే భ్రమ 2.4 సెంటీమీటర్లు. కుడి ఎడమల సగటుల తేడాలో సగం స్థల దోషం, పెంచడం తగ్గించడాల తేడాలో సగం కదలిక దోషం.

చెడేది ఎక్కడంటే, ప్రతిసారీ ఒకే చోటి నుంచి మొదలుపెడితే కళ్లకు బదులు చేయి దూరాన్ని గుర్తుపెట్టుకుంటుంది. వెనకాల ఉన్న స్కేలు పాల్గొనేవాడి కంటబడితే ప్రయోగమే దండగ. "రెండూ సమానమేలే" అని ప్రయోగం చేయించేవాడు ముందే నోరు జారినా అంతే. ఇంట్లో కూర్చుని రికార్డు నింపేవాళ్లు నలభై గడుల్లోనూ 12.5, 12.6 వేస్తారు. మనిషి చేయి అంత నిలకడగా ఉండదని ఎగ్జామినర్‌కు తెలియదా?

క్లినిక్ మాట అన్నిటికంటే ప్రమాదం. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆ మండలి గుర్తించిన అర్హత, రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా చేస్తే 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇన్నాళ్లూ దారి బీఏ, ఎంఏ, ఆపై రెండేళ్ల ఎంఫిల్. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022లో ఎంఫిల్‌ను ఆపేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు సడలింపునిచ్చింది. కాబట్టి ఇప్పుడు డిగ్రీలో చేరేవాళ్లు పాత దారినే నమ్ముకోకుండా, మండలి వెబ్‌సైట్‌లో ఏ కోర్సులకు గుర్తింపుందో ఏటా చూసుకోవాలి. మందులు రాయడం మాత్రం సైకాలజీలో ఎంత చదివినా రాదు, అది ఎంబీబీఎస్ చదివిన సైకియాట్రిస్టు పని.

"ఎక్కడ చదివినా ఒకటే" అన్నవాళ్లు 2025 సంగతి మరిచారు. ఆ ఏడాది జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపించింది. రెగ్యులర్‌లోనూ తేడాలున్నాయి: మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా సైకాలజీ ఉన్న బీఏ వేరు, అదే ప్రధానంగా ఉన్న కోర్సు వేరు. పీజీ ప్రవేశానికి ఏది చెల్లుతుందో వెళ్లదలచిన చోట ముందే అడగాలి. అడ్మిషన్‌కు వెళ్లిన రోజున ల్యాబ్ చూపించమనండి. పరికరాల బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కుంటున్నారంటే ఇంకో కాలేజీ చూసుకోండి, గోడ మీద శిలువ ఉన్నా లేకపోయినా.