ట్రైలర్‌లోనే కథ కంచికి!

2025 జూన్ 30న విడుదలైన హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమా ‘ప్రాజెక్ట్ హెయిల్ మేరీ’ ట్రైలర్‌ను కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. ఆధారం ఆండీ వీర్ 2021లో వెలువరించిన అదే పేరు గల నవల, కథానాయకుడిగా రయాన్ గాస్లింగ్, దర్శకులుగా ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్ ద్వయం. థియేటర్లలోకి వచ్చేది 2026 మార్చి 20న. సినిమాకు ఇంకా 263 రోజుల గడువుండగానే, నవల చదివినవాళ్లు చదవనివాళ్ల దగ్గర నాలుగేళ్లుగా నోరు కట్టుకుని కాపాడుకొస్తున్న సంగతిని సినిమా తీసినవాళ్లే బయటపెట్టేశారు. పాఠకులకున్నపాటి నిగ్రహం నిర్మాణ సంస్థకు లేకపోయింది.

నవల ఎలా మొదలవుతుందో చూస్తే జరిగిన నష్టం అర్థమవుతుంది. ఒక మనిషికి మెలకువ వస్తుంది. ‘రెండుకు రెండు కలిపితే ఎంత?’ అని ఒక యంత్రస్వరం అడుగుతుంది. జవాబు చెప్పబోతే నాలుక తిరగదు, తన పేరేమిటో గుర్తుకు రాదు, పక్క మంచాల మీద ఉన్నవి శవాలని కాసేపటికి గాని తెలియదు. చేతికందిన వస్తువును కిందికి వదిలి, అది పడడానికి పట్టిన సమయాన్ని కొలిచి లెక్క వేస్తే గురుత్వ త్వరణం 15 వస్తుంది. భూమి మీద అది 9.8 ఉండాలి. తాను భూమి మీద లేనని అతనికి తెలిసేది ఆ లెక్కతోనే, పాఠకుడికి తెలిసేదీ అప్పుడే. (ఇంతవరకు చెప్పినందుకు చదవనివారు మన్నించాలి; ఇవన్నీ పుస్తకం ఆరంభంలోని సంగతులే.) జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా తిరిగొస్తుంటే, కథానాయకుడి కన్నా ఒక్క అడుగు కూడా ముందుకు వెళ్లనివ్వకుండా పాఠకుడిని వెంట నడిపించడమే ఆ నవలకున్న బలం. ట్రైలర్ ఆ అడుగులన్నింటినీ ఒక్క గెంతులో దాటించింది. అతనెవరో, ఏ పని మీద పంపారో, సూర్యుడికి ఏం జరుగుతోందో, చివరికి అంత దూరాన అతనికి ఎదురయ్యేదేమిటో కూడా చూపించేసింది. ఆ చివరి సంగతిని మేమిక్కడ రాయడం లేదు. ఒక దినపత్రిక దాచగలిగిన విషయాన్ని దాని సొంతదారులు దాచుకోలేకపోవడం విడ్డూరం.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1991 నాటి ‘టెర్మినేటర్ 2’లో షాపింగ్ మాల్ వెనుక నడవాలో వచ్చే సన్నివేశం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక వైపు నుంచి పోలీసు దుస్తుల్లో ఒకడు, మరో వైపు నుంచి గులాబీల పెట్టె పట్టుకుని ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్, మధ్యలో పిల్లవాడు. పెట్టెలోంచి తుపాకీ బయటికొస్తుంది, గులాబీలు నేలరాలి బూటు కింద నలుగుతాయి. ఆ ఇద్దరిలో చంపడానికి వచ్చిందెవరో, కాపాడడానికి వచ్చిందెవరో ఆ క్షణం దాకా ప్రేక్షకుడు తేల్చుకోలేని విధంగా అంతకు ముందరి సన్నివేశాలన్నీ పేర్చి ఉంటాయి. అయితేనేం, మొదటి భాగంలో విలన్ అయిన ఆర్నాల్డ్ ఈసారి మంచివాడేనని ప్రచారం ముందే చాటింపు వేసింది. అదే వరసలో 2015లో వచ్చిన ‘టెర్మినేటర్ జెనిసిస్’ ట్రైలరైతే సినిమాలోని అతి పెద్ద మలుపునే అంగట్లో పెట్టింది. ఆ సంగతి ప్రేక్షకులకు తెలియదన్న నమ్మకంతోనే సన్నివేశాలు తీసిన దర్శకుడు అలన్ టేలర్, ట్రైలర్‌పై తన అసంతృప్తిని దాచుకోలేదు. దర్శకుడు నెలల తరబడి కట్టిన ముడిని ప్రచార విభాగం విప్పేస్తే, ఇక ఆ సినిమా ఎవరిదనుకోవాలి?

వందల కోట్లు పోసి తీసిన సినిమాను ఏమీ చూపకుండా అమ్మలేమని, ఏం చూడబోతున్నారో తెలిస్తేనే జనం టికెట్ కొంటారని వ్యాపారులు అంటారు. ముగింపు ముందే తెలిసినా కథను ఆస్వాదించడం తగ్గదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చిన్న కథలతో ప్రయోగం చేసి చెప్పిన మాటను కూడా ఉదహరిస్తారు. అలాగే కానివ్వండి. ముందే తెలిస్తే నష్టం లేదన్నదే వారి నమ్మకమైతే, ప్రేక్షకుడి నోటికి తాళం వేయడం ఎందుకన్నది మా ప్రశ్న.

తాళం వేస్తున్న మాట కాదనలేనిది. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ దర్శకులు కథ బయటపెట్టవద్దని అభిమానులకు బహిరంగ లేఖ రాశారు. మన దగ్గర పెద్ద హీరో సినిమా వస్తే చాలు, మొదటి ఆట పడకముందే ‘దయచేసి ట్విస్టులు చెప్పకండి’ అన్న విన్నపాలు మొదలవుతాయి. థియేటర్‌లో సినిమాను దొంగచాటుగా రికార్డు చేసేవారికి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా విధించేలా 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. పైరసీ నేరమే, అందులో రెండో మాట లేదు. కానీ లీకు ఎవరు చేసినా ప్రేక్షకుడు పోగొట్టుకునేది ఒక్కటే. బయటి దొంగ మీద కేసు, ఇంటిదొంగ ట్రైలర్‌కు విడుదల వేడుక! కంచే చేను మేస్తున్నప్పుడు కాపలా గురించి ఊరికి శ్రీరంగనీతులు చెప్పడం ఏం మర్యాద?

దాచి కూడా అమ్మవచ్చని తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతటినీ ఊరించింది. రెండో భాగం ట్రైలర్ వచ్చినా జవాబు మాత్రం రాలేదు. జవాబు కోసం జనం థియేటర్ల ముందు బారులు తీరారు. అదే రాజమౌళి 2012లో ‘ఈగ’కు ముందు, చనిపోయినవాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని తానే చెప్పేశారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆయన చెప్పింది కథ దేని గురించో. ఈగ ఏం చేసి గెలుస్తుందో కాదు. ఆ తేడా పాటించడం ఆయనకు సాధ్యమైనప్పుడు హాలీవుడ్‌కు ఎందుకు కాదు?

ట్రైలర్ నిడివి 2 నిమిషాలు మించరాదని, విడుదలకు 150 రోజులకన్నా ముందు ప్రదర్శించరాదని అమెరికా థియేటర్ యజమానుల సంఘం 2014లో మార్గదర్శకాలు ప్రకటించింది. పాటించడం స్వచ్ఛందమన్నారు, ఆ ముక్కతోనే సగం నీరుగారిపోయింది. పైగా అవి థియేటర్ల వరకే. ఆన్‌లైన్‌లో ఇప్పుడు ట్రైలర్ మొదలవడానికి ముందే, ప్రేక్షకుడు దాటిపోతాడన్న భయంతో, అందులోని ముఖ్యమైన దృశ్యాలను అయిదు సెకన్లలో కలిపికొట్టి ట్రైలర్‌కే ఇంకో ట్రైలర్ చూపిస్తున్నారు. చూడకూడదనుకున్నవాడికి కళ్లు మూసుకునే వ్యవధి కూడా లేదు. ఇష్టం లేకపోతే చూడకండి అనే సలహా థియేటర్‌లో అసలే పనికిరాదు. వేరే సినిమాకు టికెట్ కొని కూర్చున్న మనిషి చీకట్లో చెవులు మూసుకుని తల దించుకోవాలా?

2026 మార్చిలోగా ఈ సినిమాకు ఇంకెన్ని ట్రైలర్లు వస్తాయో, ఇంకేం మిగులుస్తారో చూడాలి. విడుదల నాడు షరా మామూలుగా ‘కథ చెప్పకండి’ అని ప్రేక్షకుడికి దండం పెట్టాలనుకుంటే, ఆ విన్నపం అచ్చు వేసి ముందుగా తమ ప్రచార విభాగం గోడకు అంటించుకోవాలి.